ఆగిన మెయిల్ ఎక్కడ కూర్చుంది?

భద్రాచలం దాటి చర్ల వైపు వెళ్లే దారిలో, గిరిజన పిల్లల చదువు చూసుకునే ఒక చిన్న సంస్థ ఉందనుకోండి. లెక్కలు, ఉత్తర ప్రత్యుత్తరాలు అన్నీ అక్కడ ఒక అక్క చేతిమీద నడుస్తాయి. మెయిల్ కోసం ఆమె బ్రౌజర్ తెరవదు. కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ పెట్టుకుంది. వారం నుంచి అందులోకి కొత్త మెయిల్ ఒక్కటీ దిగలేదు. కంప్యూటర్ షాపు నడిపే తమ్ముడు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరూ నేను కల్పించిన మనుషులే గానీ, వాళ్ల వాదం ఏ ఊళ్లోనైనా వినిపించేదే: ఆగిపోయిన ప్రోగ్రామ్‌ను బాగుచేసుకోవాలా, దాన్ని వదిలేసి ఫోన్‌కు మారిపోవాలా? నా మొగ్గు అక్క వైపేనని ముందే చెప్పేస్తున్నాను. అయితే తమ్ముడి మాటల్లో నేను దాటిపోలేనిది ఒకటుంది. అది మధ్యలో వస్తుంది.

తమ్ముడు: అక్కా, దీనికింత ఆలోచనెందుకు? ఫార్మాట్ కొడితే సాయంత్రానికల్లా శుభ్రంగా నడుస్తుంది. లేదంటే ఈ ప్రోగ్రామ్ తీసేసి ఫోన్‌లో జీమెయిల్ చూసుకోండి. మా షాపుకొచ్చేవాళ్లలో డెస్క్‌టాప్‌లో మెయిల్ పెట్టుకున్నవాళ్లు ఒకరో ఇద్దరో.

అక్క: ముందు ఆ మౌస్ మీంచి చెయ్యి తియ్యి. ఫార్మాట్ అన్న మాట ఈ గదిలో అనొద్దు. ఇందులో ఏమున్నాయో తెలుసా నీకు? గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకు మేం రాసినవి, వాళ్లు రాసినవి, పిల్లల ధ్రువపత్రాల స్కాన్లు, పోడు భూముల అర్జీలు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా అడగాలంటే 2005 డిసెంబర్ 13కు ముందు నుంచే ఆ భూమి సాగులో ఉన్నట్టు చూపించాలి. అంత పాత కాగితం ఒక్కొక్క ఇంట్లో దొరకదు. మాకు పంపిన మెయిల్‌లో దొరుకుతుంది. కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం మనతోపాటే ఖమ్మం జిల్లాలో ఉన్నప్పటి ఉత్తరాలూ ఉన్నాయి. 2014లో ఆ మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. 2016 అక్టోబర్ 11న మనం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకొచ్చాం. జిల్లా మారింది, వాళ్లకు రాష్ట్రమే మారింది. అప్పటి అధికారి ఏం రాశాడో ఇవాళ ఏ ఆఫీసులో వెతుకుతావు? నా ఈ కంప్యూటర్ డబ్బాలో వెతకాలి.

తమ్ముడు: అంత ముఖ్యమైనవైతే జీమెయిల్‌లో కూడా ఉంటాయి కదా.

అక్క: ఉండవు. అది తర్వాత మాట్లాడదాం. కొత్తవి ఎందుకు దిగట్లేదో ముందు చెప్పు.

తమ్ముడు: సరే. ఖాతా తీసేసి మళ్లీ పెట్టి చూద్దాం.

అక్క: అదీ వద్దు.

అక్క ఎందుకు వద్దంటుందో నేను వివరిస్తాను, ఎందుకంటే ఈ ఒక్క తొందర వల్ల ఏళ్ల ఉత్తరాలు పోయే ప్రమాదముంది. మెయిల్ ప్రోగ్రామ్‌లు సర్వర్ నుంచి ఉత్తరాలు తెచ్చే పద్ధతులు ముఖ్యంగా రెండు. పాప్ పద్ధతిలో మెయిల్ మన కంప్యూటర్‌లోకి దిగుతుంది, సెట్టింగ్ అలా ఉంటే సర్వర్ మీది కాపీ చెరిగిపోతుంది. ఐమ్యాప్ పద్ధతిలో అసలు ఉత్తరం సర్వర్ మీదే ఉంటుంది, మన దగ్గర దాని నకలు కనిపిస్తుంది. పాప్ ఖాతాను తొలగించేటప్పుడు థండర్‌బర్డ్ మెయిళ్లను కూడా తీసెయ్యాలా అని ఒక టిక్కు చూపిస్తుంది. ఆ టిక్కు పొరపాటున పడిందంటే ఉత్తరాలూ పోతాయి. అందుకే ఏ మరమ్మతుకైనా ముందు ప్రోగ్రామ్ మూసేసి, దాని ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలి. ఔట్‌లుక్ అయితే పీఎస్‌టీ ఫైలును. తమ్ముడు ఆ పని చేశాడు. తర్వాతే వాదం ముందుకు సాగింది.

తమ్ముడు: నెట్ వస్తోందా?

అక్క: బ్రౌజర్ తెరుచుకుంటోంది. అందులోంచే జీమెయిల్‌లోకి వెళ్లి చూశా. ఈ వారం మెయిళ్లన్నీ అక్కడున్నాయి.

తమ్ముడు: అయితే సగం పని అయిపోయినట్టే. పంపినవాళ్ల తప్పు కాదు, సర్వర్ తప్పు కాదు. సర్వర్ దాకా వచ్చి, అక్కడి నుంచి మీ ప్రోగ్రామ్‌లోకి దిగే దగ్గర ఆగింది. బ్రౌజర్‌లో కూడా కనపడకపోతే వేరేలా వెతకాల్సి వచ్చేది. జీమెయిల్‌లో ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిల్‌కొక్కదానికే కాదు, డ్రైవ్‌కూ ఫోటోలకూ కలిపి. 2021 జూన్ 1 నుంచి ఫోటోలన్నీ ఆ లెక్కలోకే వస్తున్నాయి. పిల్లల వార్షికోత్సవం వీడియోలతో అది నిండిపోతే మెయిల్ రాదు. రాలేదన్న సంగతి పంపినవాళ్లకు తిరుగుటపాలో తెలుస్తుంది, మీకు తెలియదు. సొంత డొమైన్ పెట్టుకున్న సంస్థలైతే ఏటా దాని రుసుము కట్టారా అని చూసుకోవాలి. గడువు దాటితే ఆ చిరునామాకు వచ్చేవన్నీ ఆగిపోతాయి.

అక్క: అవతల సర్వర్ ఓ పూట పడిపోయినా ఉత్తరం పోతుందా?

తమ్ముడు: వెంటనే పోదు. పంపే సర్వర్ మళ్లీ మళ్లీ ప్రయత్నించాలి, కనీసం నాలుగైదు రోజులు వదలకూడదని మెయిల్ ప్రమాణాల్లోనే రాసుంది.

అక్క: మరి మా దాంట్లో? పాస్‌వర్డ్ అడగట్లేదు. ఏ తప్పూ చూపించట్లేదు.

తమ్ముడు: చూడండి, నేను ఈ ప్రోగ్రామ్‌లు వదిలెయ్యమనేది ఇందుకే. 2022 మే 30న గూగుల్ ఒక తలుపు మూసింది. పేరు, పాస్‌వర్డ్ మాత్రమే ఇచ్చి లోపలికొచ్చే పాత ప్రోగ్రామ్‌లను ఆ రోజు నుంచి రానివ్వట్లేదు. 2010 నాటి ఔట్‌లుక్ పెట్టుకున్నవాళ్లకు అలా పాస్‌వర్డ్ సరైనదే ఇచ్చినా మెయిల్ రాలేదు. మైక్రోసాఫ్ట్ కూడా అంతే. ఔట్‌లుక్ డాట్‌కామ్, హాట్‌మెయిల్ ఖాతాలకు 2024 సెప్టెంబర్ 16న అదే పని చేసింది. రెండేళ్లకోసారి ఎవరో ఒకరు తాళం మారుస్తారు. మీరు నాలాంటివాణ్ణి పిలుస్తారు. ఫోన్‌లో ఈ గొడవ లేదు.

అక్క: తాళం మార్చింది మనల్ని తరమడానికి కాదు తమ్ముడూ. పాస్‌వర్డ్‌ను పాత ప్రోగ్రామ్‌లో అలా పడేసి ఉంచితే దొంగ చేతిలో పడుతుందని. థండర్‌బర్డ్‌కు ఓఆత్ ఉంది. గూగుల్ పేజీ తెరిచి అక్కడే లాగిన్ చేయిస్తుంది, పాస్‌వర్డ్ ప్రోగ్రామ్ చేతికే ఇవ్వదు. అప్పుడే మార్చుకున్నా.

తమ్ముడు: మార్చుకోలేని పాత ప్రోగ్రామ్ ఉన్నవాళ్లు?

అక్క: ఖాతాకు రెండంచెల తనిఖీ పెట్టుకుంటే గూగుల్ 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ ఇస్తుంది. అసలు పాస్‌వర్డ్ బదులు అది వెయ్యాలి. ఇదంతా నీకు తెలీదా?

తమ్ముడు: తెలుసు. మీకు తెలుసో లేదో చూశా.

తమ్ముడి పరీక్ష నాకు నచ్చింది. రిపేరు చేసేవాడు వాడేవాళ్లకు ఎంత తెలుసో కనుక్కుని మాట్లాడటం మంచి పని. ఆ తర్వాత వాళ్లు చిన్నవి కొన్ని చకచకా చూసేశారు. ప్రోగ్రామ్ ఆఫ్‌లైన్‌లో లేదు. జాబితా పైన ‘చదవనివి మాత్రమే’ అన్న వడపోత పెట్టి లేదు. కొత్తవి పైకి వచ్చేలా తేదీ వారీగానే ఉంది. యాంటీవైరస్‌లో మెయిల్ తనిఖీ కాసేపు ఆపి చూస్తే తేడా రాలేదు. గడియారం కూడా చూశారు. పాత కంప్యూటర్లలో సీఆర్ 2032 బిళ్ల సెల్లు అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు సర్వర్ చూపించే భద్రతా పత్రం ఇంకా అమల్లోకే రాలేదని కంప్యూటర్ అనుకుని మెయిల్‌ను ఆపేస్తుంది. కరెంటు తరచూ పోయే చోట ముందు చూడాల్సిన వాటిలో ఇదొకటి. ఇక్కడ తేదీ సరిగ్గానే ఉంది.

తమ్ముడు: కింద ఈ చిన్న అక్షరాల గీత చదివారా ఎప్పుడైనా? ‘43లో 1వ మెయిల్ దిగుతోంది’ అంటోంది.

అక్క: ఎప్పుడు తెరిచినా అదే. పనిచేస్తోంది కదా అనుకున్నా.

తమ్ముడు: పనిచెయ్యట్లేదు, అక్కడే ఆగింది. బ్రౌజర్‌లో చూద్దాం ఆ మొదటి మెయిల్ ఏంటో. ఇదిగో, ఎవరో దాత 20 ఎంబీ వీడియో పంపారు. అటాచ్‌మెంట్‌ను మెయిల్‌లో పంపడానికి అక్షరాల రూపంలోకి మారుస్తారు, అప్పుడు దాని బరువు మూడో వంతు పెరుగుతుంది. అంటే 27 ఎంబీ దాకా. మీకు లైను ఎంత వస్తుంది?

అక్క: మంచి రోజున బాగానే ఉంటుంది. ఈ వారం వానకు 256 కేబీపీఎస్ కూడా కష్టమే.

తమ్ముడు: 256 అంటే సెకనుకు 256 వేల బిట్లు. ఆ లెక్కన ఈ ఒక్క మెయిలే 14 నిమిషాలు దిగాలి. మధ్యలో లైను తెగకూడదు. తెగితే పాప్ ఆగిన చోటి నుంచి అందుకోదు, ఆ మెయిల్‌ను మొదటి అక్షరం నుంచి మళ్లీ మొదలుపెడుతుంది. మీ లైను పది నిమిషాలకోసారి తెగుతుంటే ఇది ఎప్పటికీ పూర్తికాదు. వంతెన మీద బొగ్గు లారీ దిగబడితే వెనక బస్సులన్నీ ఆగిపోయినట్టు, మిగతా 42 మెయిళ్లూ దీని వెనకే ఉన్నాయి.

అక్క: ఆ 42కూ ఏమీ కాలేదు కదా?

తమ్ముడు: కాలేదు. పాప్‌లో ఒక మంచి నియమం ఉంది. ప్రోగ్రామ్ ‘నా పని అయింది’ అని సర్వర్‌కు సరిగ్గా చెప్పి సెలవు తీసుకున్నాకే సర్వర్ తన కాపీ తుడుస్తుంది. మధ్యలో తెగితే ఏదీ తుడవదు. మీ మెయిళ్లన్నీ సర్వర్ మీద భద్రంగా ఉన్నాయి.

ఈ సంగతి నాకు ముఖ్యంగా తోచడానికి కారణముంది. మెయిల్ ఆగడం గురించి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం లైను నిరంతరంగా ఉందని అనుకుని రాసినవే: పాస్‌వర్డ్ చూడు, పోర్టు చూడు, మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యి. హైదరాబాద్‌లో ఆ 27 ఎంబీ దిగిందో లేదో కూడా తెలియకుండా దిగిపోతుంది. చర్ల, దుమ్ముగూడెం వైపు ప్రోగ్రామ్‌లో తప్పేమీ లేకుండానే మెయిల్ ఆగుతుంది. అక్కడ పోర్టు మార్చినా, విండోస్ కొత్తగా వేసినా అదే వీడియో దగ్గర మళ్లీ ఆగుతుంది. కంప్యూటర్ ఫార్మాట్ చేసి, ఉత్తరాలు పోగొట్టుకుని, చివరికి మెయిల్ కూడా రాకపోవడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

అక్క: ఇప్పుడేం చెయ్యాలి?

తమ్ముడు: బ్రౌజర్‌లోంచి ఆ వీడియోను డ్రైవ్‌లో దాచి, మెయిల్‌ను ట్రాష్‌లో వేద్దాం. ట్రాష్‌లో ఉన్నది పాప్‌కు కనపడదు. తర్వాత థండర్‌బర్డ్ ఖాతా సెట్టింగ్‌లలో డిస్క్ స్పేస్ అని ఉంటుంది, అక్కడ ఇన్ని కేబీలు దాటిన మెయిల్‌ను పూర్తిగా దించొద్దని చెప్పొచ్చు. పెద్దది వస్తే పైభాగం మాత్రం దిగుతుంది, మిగతాది మీరు కావాలంటేనే. చూశారా, వచ్చేస్తున్నాయి.

అక్క: వచ్చాయి. మరి వదిలెయ్యమంటివి?

తమ్ముడు: ఇప్పుడూ అదే అంటా. ఫోన్‌లో అయితే ముందు మెయిల్ పేర్లు కనపడతాయి, వీడియో నొక్కితేనే దిగుతుంది. ఈ వారం పోయేది కాదు.

అక్క: ఫోన్ కొన్ని రోజుల మెయిలే దాచుకుంటుంది. వానాకాలంలో లైను పోయిన రోజున పదేళ్ల కిందటి ఉత్తరం కావాలంటే తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. అర్జీ పట్టుకుని ఓ ఇల్లాలు వచ్చి ఎదురుగా కూర్చున్నప్పుడు ‘సిగ్నల్ వచ్చాక రామ్మా’ అని చెప్పనా? ఆమె బస్సు ఛార్జీ పెట్టుకుని వచ్చింది. ఇక్కడ అక్షరం కొట్టగానే దొరుకుతుంది, నెట్‌తో పని లేదు. పాప్ పుట్టిందే ఇలాంటి లైన్ల కోసం. 1984లో దాని మొదటి రూపం వచ్చింది, ఇప్పుడు వాడే పాప్3 1988లో. మన దేశంలో 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ జనానికి ఇంటర్నెట్ ఇచ్చినప్పుడు ఫోన్ లైను మీద కలిపి, గబగబా ఉత్తరాలు దించుకుని, లైను వదిలేసేవాళ్లు. దిగాక తీరిగ్గా చదువుకునేవాళ్లు. మా దగ్గర ఆ అవసరం ఇంకా తీరలేదు.

తమ్ముడు: తీరలేదు, ఒప్పుకుంటా. ఇప్పుడు మీరు తర్వాత చెప్తానన్నది చెప్పండి. పాతవి జీమెయిల్‌లో ఎందుకు లేవు?

అక్క: 15 జీబీ నిండుతుందని భయం. పాప్ సెట్టింగ్‌లో, దించుకున్నాక జీమెయిల్ కాపీ ఏం చెయ్యాలని అడిగితే, తుడిచెయ్యమని పెట్టా.

తమ్ముడు: అంటే పదేళ్ల పోడు అర్జీలకు ఈ భూమ్మీద ఉన్న కాపీ ఒక్కటే. అది ఈ బల్ల కింద, నేల మీద పెట్టిన డబ్బాలో ఉంది. అక్కా, 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకే. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. 1986లో 75.6 అడుగులు వచ్చింది. మళ్లీ రాదని ఎవరు చెప్పగలరు? నీళ్లొచ్చిన రోజు మీరు పిల్లల్ని బయటికి పంపుతారా, ఈ డబ్బా ఎత్తుకుంటారా?

దాటిపోలేనన్నది ఈ మాటే. తన దగ్గర ఉంచుకోవడం, భద్రంగా ఉంచుకోవడం ఒకటేనని అక్క అనుకుంది. ఏటి ఒడ్డున బతికేవాళ్లకు అవి రెండు వేర్వేరు పనులు. 2022 వరద చూసినవాళ్లెవరికైనా తమ్ముడి ప్రశ్నకు జవాబు తెలుసు, ఆ డబ్బా ఎవరూ ఎత్తుకోరు. ఎత్తుకోకూడదు కూడా.

అక్క: పిల్లల్నే పంపుతా.

తమ్ముడు: అందుకే ఐమ్యాప్‌కు మారండి. 1986లో స్టాన్‌ఫోర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ తయారుచేసిన పద్ధతి అది. మెయిల్ సర్వర్ మీదే ఉంటుంది. ఈ కంప్యూటర్ నీళ్లలో పోయినా కొత్తగూడెంలో ఇంకోటి తెరిస్తే అన్నీ కనపడతాయి. జీమెయిల్‌లో దాన్ని ఇప్పుడు విడిగా ఆన్ చెయ్యక్కర్లేదు, ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది.

అక్క: మరి లైను లేనప్పుడు?

తమ్ముడు: థండర్‌బర్డ్‌లో ‘ఈ ఖాతా మెయిళ్లు ఈ కంప్యూటర్‌లో కూడా ఉంచు’ అని ఒక టిక్కు ఉంది. అది ఉంటే లైను లేకపోయినా చదవొచ్చు, వెతకొచ్చు. పెద్దవి దించొద్దని ఇక్కడా చెప్పొచ్చు. మీకు కావాల్సిందంతా ఇందులో ఉంది.

అక్క: అంతా లేదు. మా ఆఫీసులో ఇంకొకరు ఫోన్‌లోంచి తెలియక ఒక మెయిల్ తుడిచారనుకో. ఐమ్యాప్‌లో నా కంప్యూటర్‌లోంచి కూడా పోతుంది కదా?

తమ్ముడు: పోతుంది. రెండు చోట్లా ఒకేలా ఉంచడమే దాని పని.

అక్క: ఖాతాకే తాళం పడితే? పాస్‌వర్డ్ ఎవడో దొంగిలిస్తే? అప్పుడు నీ కొత్తగూడెం కంప్యూటర్‌లో కూడా ఏమీ కనపడదు. అందుకే పాత మెయిళ్లు కంప్యూటర్‌లోనే ఉండే లోకల్ ఫోల్డర్స్‌లో ఇట్లాగే ఉండనీ. కొత్తవి ఐమ్యాప్‌లో రానీ. నెలకోసారి ఆ ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తం ఒక డిస్క్‌లోకి ఎక్కించు. ఆ డిస్క్ ఈ ఊళ్లో వద్దు, వరద రాని చోట ఉండాలి. కొత్తగూడెంలో మా చెల్లెలింట్లో పెడతా.

తమ్ముడు: రెండు డిస్కులు పెట్టండి. ఒకటి వెళ్తే ఒకటి వస్తుంది. లేకపోతే మార్చే రోజున రెండు కాపీలూ ఒకే గదిలో ఉంటాయి.

అక్క: ఇది మంచి మాట. నువ్వింత తెలిసినవాడివి, వచ్చీరాగానే ఫార్మాట్ అన్నావేం?

తమ్ముడు: షాపుకొచ్చినవాళ్లు అడిగేది అదే అక్కా. గంటలో ఇచ్చెయ్యి అంటారు. ఏది ఎందుకు ఆగిందో వెతకడానికి కూర్చుంటే దానికి డబ్బులివ్వరు. ఫార్మాట్‌కు ఇస్తారు.

తమ్ముడి ఈ మాటతో నాకు పేచీ లేదు. వెతికే పనికి కూలి ఇవ్వని చోట వెతికేవాళ్లు మిగలరు, ఆ తప్పులో వాడేవాళ్ల వాటా పెద్దది. కానీ ఫోన్‌కు మారితే సరిపోతుందన్న వాదన ఈ అడవి అంచు ఊళ్లకు కుదరదనే నా తీర్పు. లైను నమ్మకంగా ఉన్నవాళ్లు మారొచ్చు. పట్టా కాగితాలు, ఆసుపత్రి రిపోర్టులు, కోర్టు నోటీసులు మెయిల్‌లో దాచుకున్న సంస్థకు లైనుతో పనిలేకుండా తెరుచుకునే కాపీ ఒకటి కావాలి. అది డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ ఇస్తుంది. ఆ ఒక్క కాపీ మీదే ఆధారపడకూడదన్నంత వరకు తమ్ముడిదే పైచేయి.

భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం, చింతూరుల్లో కంప్యూటర్ షాపులు నడిపే తమ్ముళ్లను, చెల్లెళ్లను ఒకటి కోరుతున్నాను. మెయిల్ రావట్లేదని ఎవరైనా కంప్యూటర్ తెచ్చి మీ ముందు పెడితే, ఏ బటన్ నొక్కే ముందైనా వాళ్ల మెయిల్ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి వాళ్ల చేతికివ్వండి. దానికి విడిగా రుసుము తీసుకోండి. ఇచ్చేవాళ్లూ బేరమాడకుండా ఇవ్వండి.